హైదరాబాదు నుంచి న్యూజెర్సీ దాకా: నిద్రమాత్ర, మద్యం కలిసిన చరిత్ర

పోయిన సంక్రాంతి సంబరాలు ముగిసిన రాత్రి ఒక మిత్రుని ఇంట్లో భోజనాలకి కూర్చున్నాం. ఇండియా నుంచి వచ్చి వారం కూడా కాని వాళ్ల పెదనాన్నగారు కూడా మా పంక్తిలోనే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. రాత్రీ పగలూ తారుమారై ఆయనకి నిద్ర పట్టడం లేదు. "ఒక్క పెగ్గు పుచ్చుకోండి పెదనాన్నా, హాయిగా నిద్ర పడుతుంది" అన్నాడు మా మిత్రుడు. ఆయన మొహమాటపడుతూనే ఒకటి పుచ్చుకున్నారు. కబుర్లలో పడి ఇంకొకటి కూడా అయింది. పడుకోబోయే ముందు, రోజూ వేసుకునే అలవాటు కొద్దీ, ఊళ్లో డాక్టరు రాసిచ్చిన నిద్రమాత్ర వేసుకున్నారు. అర్ధరాత్రి పెద్దమ్మగారికి మెలకువ వచ్చింది. "ఈయన గురక అదోలా ఉంది, కదిపినా పలకడం లేదు, ఒకసారి చూడు నాయనా" అని ఆవిడ తలుపు తట్టకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. అంబులెన్సు వచ్చింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఆయన క్షేమంగా ఇంటికి వచ్చారు.

ఆ పంక్తిలో కూర్చున్న మాలో ముగ్గురు డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, మిగిలినవారు ఇంజనీర్లు. అందరం చదువుకున్నవాళ్లమే. పెద్దాయన జేబులో ఏ మాత్ర ఉందో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

ఈ సంచికకి చరిత్ర వ్యాసం కావాలని సంపాదకులు అడిగినప్పుడు మేము కాకతీయుల చెరువుల మీద రాద్దామనుకున్నాం. కాని ఆ రాత్రి తరవాత మనసు అటు పోలేదు. మందుకీ మాత్రకీ కుదిరిన ఈ స్నేహం ఎప్పుడు మొదలైంది, ఎక్కడెక్కడ ఎవరెవరిని బలిగొన్నది అని వెతకడం మొదలుపెట్టాం. వెతికినకొద్దీ ఈ కథ మనకి చాలా దగ్గరదని తెలిసింది. ఇందులో బెర్లిను ఉంది, షికాగో ఉంది, లండను ఉంది. అంతకన్న ముఖ్యంగా మన హైదరాబాదు, మనం ఇల్లు కట్టుకున్న ఈ న్యూజెర్సీ ఉన్నాయి. కాకతీయుల చెరువులు వచ్చే సంచిక దాకా ఆగుతాయి.

నిద్ర పట్టనివాడికి ఏదో ఒకటి తాగించడం అన్ని దేశాల్లోనూ పాత ఆచారమే. నల్లమందు, సారా, గసగసాల కషాయం, ఇలా ఎవరి ఊళ్లో దొరికింది వారు వాడారు. అయితే ప్రయోగశాలలో మనిషి తయారుచేసిన మొట్టమొదటి నిద్రమందు క్లోరల్ హైడ్రేట్. జర్మను రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1832 లో క్లోరల్‌ను తయారుచేశాడు. ముప్ఫై ఏళ్లకి పైగా అది సీసాల్లో ఊరికే పడి ఉంది. 1869 లో బెర్లిను వైద్యుడు ఆస్కార్ లీబ్రైఖ్ దానికి నిద్ర పుచ్చే గుణం ఉందని లోకానికి చాటాడు. తమాషా ఏమిటంటే, అది రక్తంలో విరిగి క్లోరోఫారంగా మారుతుందని ఆయన అనుకున్నాడు. ఆ ఊహ తప్పు. మందు మాత్రం పనిచేసింది. కొద్ది ఏళ్లలోనే యూరపు, అమెరికాల్లో అది విరివిగా వాడుకలోకి వచ్చింది.

లండనులో డాంటె గేబ్రియెల్ రొసెట్టి అనే చిత్రకారుడు, కవి ఉండేవాడు. నిద్రలేమితో బాధపడే ఆయనకి సుమారు 1870 ప్రాంతాల్లో క్లోరల్ అలవాటైంది. ఆ మందు రుచి నోరు పాడుచేసేది. ఆ చేదు పోవడానికి పైన విస్కీ తాగేవాడు. మందుకి విస్కీ విరుగుడు అనుకున్నాడు గాని అది మందుకి తోడుబోతు అని గ్రహించలేదు. మోతాదు పెరిగింది, ఆరోగ్యం కుప్పకూలింది, 1882 లో 53 ఏళ్లకే పోయాడు. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో పరిశోధించిన జాన్ టిండాల్ పేరు మనలో భౌతికశాస్త్రం చదివినవారికి తెలుసు. ఆయన 1893 లో క్లోరల్ వల్లనే మరణించాడు. భార్య పొరపాటున ఒక సీసాకి బదులు పక్కనున్న క్లోరల్ సీసాలోంచి మోతాదు పోసి ఇచ్చింది. అందులో మద్యం ప్రసక్తి లేదు గాని, మంచం పక్కన నిద్రమందు సీసా ఉన్న ఇంట్లో ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పడానికి ఇంతకన్న వేరే ఉదాహరణ అక్కరలేదు.

మంచివాళ్లకి తెలియని కలయిక చెడ్డవాళ్లకి త్వరగానే తెలిసింది. షికాగోలో లోన్ స్టార్ అనే సారా దుకాణం ఉండేది. దాని యజమాని మిక్కీ ఫిన్. వచ్చినవాడి గ్లాసులో ఏదో మత్తుమందు కలిపి, ఒళ్లు తెలియకుండా పడిపోయాక జేబులు కొట్టేసేవాడని ఆరోపణలు వచ్చి 1903 లో ఆ దుకాణం మూతపడింది. ఎవరికైనా దొంగతనంగా మత్తు కలిపి ఇస్తే అమెరికాలో నేటికీ ఆయన పేరే వాడుతున్నారు. ఆ మత్తు క్లోరలే అని జనం నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. క్లోరల్, మద్యం కలిస్తే ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మద్యం కాలేయంలో అరిగేటప్పుడు క్లోరల్‌ను దాని అసలు మత్తు పదార్థంగా మార్చే పని వేగం పుంజుకుంటుంది. ఆ పదార్థం మళ్లీ మద్యం అరగకుండా అడ్డుపడుతుంది. దొంగలిద్దరూ ఒకరికొకరు నిచ్చెన పట్టుకున్నట్టు!

ఆ 1903 లోనే జర్మనీలో ఇంకొక అధ్యాయం మొదలైంది. బార్బిట్యూరిక్ ఆమ్లాన్ని బేయర్ 1864 లోనే తయారుచేశాడు. ఆయన శిష్యుడు ఎమిల్ ఫిషర్, వైద్యుడు ఫాన్ మేరింగ్ కలిసి దాన్నుంచి వెరొనాల్ అనే నిద్రమందును 1903 లో ప్రకటించారు. గురువు, శిష్యుడు ఇద్దరూ నోబెల్ బహుమతి అందుకున్నవారే. 1912 లో లుమినాల్ వచ్చింది. 1930 లలో నెంబుటాల్, సెకొనాల్ వచ్చాయి. రంగురంగుల గొట్టాల్లో ఈ మందులు తరవాతి మూడు దశాబ్దాల పాటు అమెరికా, ఇంగ్లండు ఇళ్ల స్నానాల గదుల అలమరల్లో తిష్ఠ వేశాయి.

బార్బిట్యూరేట్లతో ఒక చిక్కు ఉంది. నిద్ర పట్టించే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఎడం తక్కువ. పైగా అలవాటైనకొద్దీ నిద్రకి కావలసిన మోతాదు పెరుగుతూ పోతుంది గాని, ప్రాణం తీసే హద్దు అంతగా జరగదు. అంటే మనిషి రోజురోజుకీ గట్టు అంచుకి జరుగుతుంటాడు. అటువంటివాడు రెండు గ్లాసులు తాగాడంటే ఆ గట్టే విరిగిపోతుంది.

1960 దశకంలో ఇటువంటి మరణాలు వరసగా పత్రికలకి ఎక్కాయి. 1965 నవంబరు 8 న న్యూయార్కులో డరొతి కిల్‌గాలెన్ అనే ప్రసిద్ధ పత్రికా రచయిత్రి తన ఇంట్లో మరణించి కనిపించింది. మద్యం, బార్బిట్యూరేటు కలిసినందువల్ల మరణమని నగర వైద్యాధికారులు తేల్చారు. రెండూ విడివిడిగా చూస్తే మితమైన పాళ్లలోనే ఉన్నాయని కూడా చెప్పారు. మన వ్యాసానికంతటికీ ఈ ఒక్క మాటే గుండెకాయ. 1967 ఆగస్టు 27 న బీటిల్స్ బృందం మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ లండనులో 32 ఏళ్లకే పోయాడు. కార్బ్రిటాల్ అనే నిద్రమాత్రలు, వాటితో పాటు మద్యం కారణమని, అది ప్రమాదమేనని విచారణలో తేలింది. 1970 సెప్టెంబరు 18 న గిటారు వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ కూడా లండనులోనే నిద్రమాత్రల మత్తులో, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి మరణించాడు. ఆయనకి 27 ఏళ్లు.

మన దేశంలో ఇటువంటి మరణం అనగానే పాతతరం వారికి గుర్తొచ్చేది గురుదత్. 1955 లో మన 'రోజులు మారాయి' చిత్రం విజయవంతమైన రోజుల్లో హైదరాబాదు వచ్చి, అందులో నాట్యం చేసిన వహీదా రెహమాన్‌ను హిందీ చిత్రాలకి పిలిచింది ఆయనే. 'ప్యాసా' తీసిన ఆ మహానుభావుడు 1964 అక్టోబరు 10 న బొంబాయిలో తన గదిలో మరణించి కనిపించాడు. మద్యం, నిద్రమాత్రలు కలిశాయి. వయస్సు 39. కావాలని చేసుకున్నాడని కొందరు, పొరపాటని కుటుంబంవారు ఇన్నేళ్లుగా అంటూనే ఉన్నారు. మేము ఆ తగాదాలోకి పోము. అసలు అటువంటి తగాదా రావడానికే ఈ కలయిక స్వభావం కారణం. మత్తులో ఉన్న మనిషికి మాత్ర వేసుకున్నాడో లేదో గుర్తుండదు. ఇంకొకటి వేసుకుంటాడు. తెల్లారేసరికి ఏం జరిగిందో చెప్పడానికి మనిషి ఉండడు.

ఇక హైదరాబాదు కథకి వద్దాం. నిజాం ప్రభుత్వం 1944 లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలే తరవాత రీజనల్ రిసెర్చి లాబొరేటరీ అయ్యాయి. తార్నాక మీదుగా ఉస్మానియాకి బస్సులో వెళ్లి చదువుకున్న మనవాళ్లకి ఆ ఆవరణ బాగా తెలుసు. ఇప్పుడు దాని పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. ఆ ప్రయోగశాలలకి అధిపతిగా ఉన్న సయ్యద్ హుసేన్ జహీర్, అభ్యుదయ రచయితల ఉద్యమ స్థాపకుల్లో ఒకరైన సజ్జాద్ జహీర్‌కి సోదరుడు. ఆయన, సహచరుడు ఇంద్ర కిశోర్ కక్కర్ కలిసి 1951 లో కొన్ని కొత్త పదార్థాలను తయారుచేశారు. వారు వెతుకుతున్నది మలేరియాకి మందు. ఆ పదార్థాల్లో ఒకటి మెథాక్వలోన్. అది మలేరియాకి పనికిరాలేదు గాని, దానికి నిద్ర పుచ్చే గుణం ఉందని 1955 లో లక్నోలో గుజ్రాల్ బృందం కనుగొంది.

బార్బిట్యూరేట్ల మీద జనానికి భయం పుట్టిన రోజులవి. "ఇది బార్బిట్యూరేటు కాదు, భయం లేదు" అనే పేరుతో మెథాక్వలోన్ ఇంగ్లండులో మాండ్రాక్స్‌గా, అమెరికాలో 1965 నుంచి క్వాలూడ్‌గా అమ్ముడుపోయింది. 1970 దశకం మొదట్లో ఇక్కడి కాలేజీ వసతిగృహాల్లో దాన్ని వైనుతో కలిపి పుచ్చుకోవడం ఒక వేడుక అయింది. దానికొక ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. మనలో కొందరు సరిగ్గా ఆ ఏళ్లలోనే ఎంఎస్ చదవడానికి ఈ దేశం వచ్చినవాళ్లం. పక్కగది అమెరికను కుర్రాడు శనివారం రాత్రి ఏం మింగాడో, ఆదివారం మధ్యాహ్నం దాకా ఎందుకు లేవలేదో అప్పట్లో మనకి అర్థం కాలేదు. ఆ మాత్ర పుట్టిల్లు హైదరాబాదు అని తెలిసి ఉంటే ఏమనుకునేవాళ్లమో! మరణాలు, కారు ప్రమాదాలు పెరిగి 1973 లో దానిమీద గట్టి ఆంక్షలు వచ్చాయి. 1984 లో అమెరికా దాన్ని పూర్తిగా నిషేధించింది. మలేరియాకి మందు వెతికిన ఆ పెద్దల తప్పు ఇందులో ఏమీ లేదు. భయం లేదని చెప్పి అమ్మినవారిదీ, భయం లేదని నమ్మి మద్యంలో కలుపుకున్నవారిదీ ఆ తప్పు.

మన న్యూజెర్సీ కథ ఇంకా దగ్గరది. ఇక్కడి నట్లీ ఊళ్లో రోష్ కంపెనీ పరిశోధనశాల ఉండేది. నాజీల భయానికి యూరపు వదిలి వచ్చిన లియో స్టెర్న్‌బాఖ్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడ పనిచేసేవాడు. ఆయన బల్ల మీద మూలపడి ఉన్న ఒక పదార్థాన్ని 1957 లో పరీక్షకి పంపితే మనసుకి నెమ్మదినిచ్చే కొత్తరకం మందు దొరికింది. అదే లిబ్రియం. 1960 లో బజారుకి వచ్చింది. 1963 లో దాని చెల్లెలు వాలియం వచ్చింది. ఒక్క 1978 లోనే అమెరికాలో 200 కోట్లకి పైగా వాలియం మాత్రలు అమ్ముడుపోయాయి. ఒంటరిగా వేసుకుంటే అది బార్బిట్యూరేటు కంటె ఎంతో మేలు. విడిగా అది ప్రాణం తీయడం అరుదు. ఆ సంగతి నిజమే గనుకనే "ఇది ఏమీ చేయదు" అనే ధీమా ఇంటింటా పాకింది.

నట్లీకి గంటన్నర దూరం కూడా లేని ఒక చిన్న ఊళ్లో 1975 ఏప్రిల్ మధ్యలో ఒక పుట్టినరోజు విందు జరిగింది. కేరెన్ ఆన్ క్విన్లన్ అనే 21 ఏళ్ల అమ్మాయి దానికి వెళ్లింది. సన్నబడాలని ఆ రెండు మూడు రోజులు సరిగా తిండి తినలేదు. అంతకుముందే వాలియం వంటి మాత్రలు వేసుకుని ఉంది. విందులో కాసిని జిన్ గ్లాసులు తాగింది. తూలుతుంటే స్నేహితులు ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టారు. కొంతసేపటికి వెళ్లి చూస్తే ఊపిరి లేదు. ఊపిరి మళ్లీ అందుకునేలోగా మెదడుకి తీరని నష్టం జరిగిపోయింది. ఏది ఎంతెంత చేసిందో నూటికి నూరుపాళ్లు తేలలేదు గాని, మద్యం, మాత్ర, ఖాళీ కడుపు మూడూ కలిసిన రాత్రి అది.

ఆ తరవాతి కథ దేశమంతా చూసింది. కూతురికి ఇక తెలివి రాదని తెలిశాక, శ్వాసయంత్రం తీసేయమని తల్లిదండ్రులు జోసెఫ్, జూలియా అడిగారు. వైద్యులు ఒప్పుకోలేదు. 1975 నవంబరులో కింది కోర్టు కూడా కాదన్నది. 1976 మార్చి 31 న న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తల్లిదండ్రుల మాటే చెల్లుతుందని తీర్పు చెప్పింది. మే నెలలో యంత్రం తొలగించారు. అందరూ అనుకున్నట్టు ఆమె వెంటనే పోలేదు. తనంత తాను ఊపిరి తీసుకుంటూ, తెలివి లేకుండా, ఇంకా తొమ్మిదేళ్లు బతికి 1985 జూన్ 11 న మరణించింది. ఇవాళ మనం ఆసుపత్రిలో చేరేటప్పుడు "మీకు స్పృహ లేకపోతే మీ తరఫున ఎవరు నిర్ణయిస్తారు?" అని ఒక కాగితం ముందు పెడతారు కదా. ఆ కాగితం వెనక ఈ అమ్మాయి పదేళ్ల నిద్ర ఉంది. వాలియం కుటుంబాన్ని అదుపు చేయవలసిన మందుల పట్టీలోకి చేర్చినది కూడా 1975 లోనే.

ఇది దొరల వ్యవహారం, మనకేం పట్టింది అనేవారికి ఇంకొక మాట. మన తెలంగాణ పల్లెల్లో తాటిచెట్టు, ఈతచెట్టు గీసి తెచ్చిన కల్లులో మద్యం పాలు తక్కువే. చెట్లు తగ్గి, గిరాకీ పెరిగి, నీళ్లు కలిపిన కల్లుకి మత్తు ఎక్కించవలసి వచ్చినప్పుడు వ్యాపారులు దేన్ని ఆశ్రయించారో తెలుసా? లీబ్రైఖ్ 1869 లో లోకానికి చాటిన ఆ క్లోరల్ హైడ్రేటునే. ఆ తరవాత స్టెర్న్‌బాఖ్ వాలియంను. మన పత్రికల్లో డైజోఫాం అని రాసేది దాన్నే. ఆ తరవాత దాని దాయాది అల్‌ప్రజోలంను. షికాగోలో మిక్కీ ఫిన్ ఒక్క దుకాణంలో చేశాడన్న పని మన దగ్గర ఊరూరా జరిగింది. పొలంలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన కూలివాడికి తాను తాగుతున్నది కల్లో, మందో తెలియదు. తెలియకుండానే అతని శరీరం దానికి బానిస అయింది.

2015 లో అధికారులు కల్తీ మీద గట్టిగా దాడులు చేశారు. అప్పుడొక విచిత్రం జరిగింది. నిజామాబాదు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందల మంది వణుకు, ఫిట్లు, పిచ్చి చూపులతో ఆసుపత్రులకి చేరారు. తాగి కాదు, తాగడానికి ఆ కల్లు దొరక్క! కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇటువంటి మందును ఒక్కసారిగా ఆపేయడం ఎంత ప్రమాదమో ఇంత బాధాకరంగా ఇంకెక్కడా రుజువు కాలేదు. పదేళ్లు గడిచాక, 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మళ్లీ పలువురు మరణించారు. అందులోనూ అల్‌ప్రజోలం బయటపడింది.

లోపల జరిగేదేమిటో ఇంజనీర్ల కోసం రెండు ముక్కలు. మెదడులో గాబా అనే రసాయనం బ్రేకు వంటిది. మద్యం ఆ బ్రేకు మీద కాలు వేస్తుంది. నిద్రమాత్ర కూడా అదే బ్రేకు మీద ఇంకో చోట కాలు వేస్తుంది. ఒక కాలికి బండి నెమ్మదిస్తుంది. రెండు కాళ్లు కలిస్తే ఆగిపోతుంది. ఆగిపోయే బండి ఏదంటే ఊపిరి. తల వెనక మెడుల్లాలో ఊపిరిని నడిపే కేంద్రం మందగిస్తుంది. గొంతులో ఏదైనా అడ్డుపడితే దగ్గి బయటకి తోసే శక్తి పోతుంది. వాంతి లోపలికి పోతుంది. చూసేవాళ్లకి మాత్రం మనిషి గాఢనిద్రలో గురక పెడుతున్నట్టే ఉంటుంది. "నాకు అలవాటుంది, ఏం కాదు" అనే వాదన కూడా నిలవదు. ఒకేసారి పుచ్చుకున్నప్పుడు చాలా మాత్రలకీ మద్యానికీ కాలేయంలో పోటీ పడి, రెండూ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తాయి.

ఇంకొక సంగతి. వాలియం వంటి మందు సగం అరగడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. దాని అరుగుదలలో పుట్టే ఇంకో మత్తు పదార్థం అంతకన్న ఎక్కువసేపు ఉంటుంది. కాబట్టి "మాత్ర నిన్న రాత్రిది, గ్లాసు ఇవాళ్టిది, రెండూ కలవవు" అనుకోవడానికి వీల్లేదు. 1992 లో వచ్చిన జోల్పిడెం, అంటే ఆంబియెన్, త్వరగా అరుగుతుంది గాని దానికీ హెచ్చరికలు తప్పలేదు. ఆడవారికి మోతాదు సగం చేయమని 2013 లో ప్రభుత్వం చెప్పింది. నిద్రలోనే లేచి కారు నడపడం వంటివి జరిగి ప్రాణాలు పోతున్నాయని 2019 లో డబ్బా మీద గట్టి హెచ్చరిక వేయించింది. చీటీ లేకుండా దొరికే రాత్రిపూట జలుబు మాత్రలు, నిద్ర వచ్చే అలర్జీ మాత్రలు కూడా మద్యంతో కలిస్తే మత్తును పెంచేవే.

ఈ చరిత్ర అంతా చదివాక మాకు కనిపించిన పాఠం ఒకటే. ఈ కథలో ప్రతి తరం తన మాత్ర పాత మాత్ర వంటిది కాదనే అనుకుంది. క్లోరల్ నల్లమందు కాదు, వెరొనాల్ క్లోరల్ కాదు, క్వాలూడ్ బార్బిట్యూరేటు కాదు, వాలియం క్వాలూడ్ కాదు, ఆంబియెన్ వాలియం కాదు. పేరు మారింది, డబ్బా రంగు మారింది. పక్కన గ్లాసు చేరినప్పుడల్లా కథ మాత్రం అక్కడికే వచ్చింది.

మనవాళ్లలో ఈ ప్రమాదానికి దారులు ఎక్కువ. రాత్రి డ్యూటీలు చేసే డాక్టర్లున్నారు. ఇరవై గంటల విమానంలో కూర్చుని ఉచితంగా ఇచ్చే వైనుతో మాత్ర మింగేవారున్నారు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆరు నెలలకి సరిపడా మాత్రలు సంచిలో తెచ్చుకునే అమ్మానాన్నలున్నారు. ఆ మాత్ర పేరు ఇక్కడి డాక్టరుకి ఎవరూ చెప్పరు. ఇంట్లో తాగుడు సంగతి ఎవరూ ఎత్తరు. మన మర్యాదే మనకి శత్రువు అవుతున్నది.

కాబట్టి ఇంటికి పెద్దలు రాగానే మందుల సంచి ఒకసారి కలిసి చూడండి. ఇందులో అమర్యాద ఏమీ లేదు. విందు చేసేవారు "ఒక్క పెగ్గు" అని బలవంతం చేయకండి. చేసేముందు "రాత్రికి ఏమైనా మాత్ర వేసుకుంటారా బాబాయిగారూ?" అని అడగండి. మాత్ర వేసుకునేవారు ఆ కాలంలో మద్యం ముట్టకపోవడమే మేలు. ఎన్నో నెలలుగా మాత్ర వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా మానేయకండి. 2015 గుర్తుంచుకుని, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోండి. ఎవరైనా రెండూ కలిపి పడుకుని, పిలిస్తే పలకకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నల్లబడినా "పడుకోనీ, తెల్లారితే తగ్గిపోతుంది" అనకండి. వెంటనే 911 కి ఫోను చేయండి. మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, దగ్గరే కూర్చోండి. కాఫీ పోయడం, చన్నీళ్లు కొట్టడం, బలవంతంగా వాంతి చేయించడం చేయకండి. మాత్రల డబ్బా అంబులెన్సువారి చేతికివ్వండి. మనిషి తెలివిలో ఉండి అనుమానం మాత్రమే ఉంటే 1-800-222-1222 కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేసి విషమందుల నిపుణులను అడగవచ్చు. మనసు బాగాలేక నిద్ర రాని రాత్రుల్లో 988 కి ఫోను చేస్తే వినే మనిషి ఉంటారు. అది సిగ్గుపడవలసిన ఫోను కాదు.

మా మిత్రుని పెదనాన్నగారు మార్చిలో తిరిగి ఊరికి వెళ్లారు. వెళ్లేముందు మమ్మల్ని భోజనానికి పిలిచారు. గ్లాసులు పెట్టబోతున్న అబ్బాయిని ఆపి, "ముందు ఎవరెవరు ఏ మాత్రలు వేసుకుంటున్నారో కనుక్కో" అన్నారు. అందరం నవ్వాం. తరవాత ఒక్కొక్కరమే నిజం చెప్పాం. ఆ పంక్తిలో ముగ్గురం నిద్రమాత్ర వేసుకుంటున్నవాళ్లమే. పదిహేనేళ్ల స్నేహంలో ఒకరిదొకరికి తెలియదు. ఆ రాత్రి పెద్దమ్మగారు అందరికీ మజ్జిగ పోశారు.